కాపీ చేసింది ఎక్కడుంటుంది? లినక్స్ క్లిప్‌బోర్డుకు పద్దు రాసే స్క్రిప్టు

మద్దిలపాలెంలో ఉండే మా చిన్నాన్న కూతురు ఇంట్లోనే తెలుగు డీటీపీ పని చేస్తుంది. పెళ్లి పత్రికలు, పుస్తకాల ప్రూఫులు, అప్పుడప్పుడు అనువాదాలు. ఆమె ల్యాప్‌టాప్ పాతది, ర్యామ్ 4 జీబీ. విండోస్ ఈడ్చుకుంటూ నడుస్తోందని దాంట్లో నేనే లినక్స్ వేశాను. భారీ డెస్క్‌టాప్ ఏదీ పెట్టలేదు, ఓపెన్‌బాక్స్ అనే తేలికపాటి విండో మేనేజర్‌తో సరిపెట్టాను. మెషీన్ పరుగెత్తింది. నాకు మంచిపేరు వచ్చింది.

ఆ పేరు మూడు వారాలు నిలిచింది. ఒక సాయంత్రం ఫోన్. "ఏటన్నయ్యా ఇది? ఈ ఫైల్లోంచి నాలుగు పేరాలు కట్ చేశాను. సేవ్ కొట్టి మూసేశాను. ఇంకో ఫైలు తెరిచి పేస్ట్ కొడితే ఏమీ రావట్లేదు. నా నాలుగు పేరాలు ఎక్కడికెళ్లిపోయాయి?"

ఎక్కడికీ వెళ్లలేదు. అసలవి ఎక్కడా లేవు. ఆ మాట ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు గంట పట్టింది. మళ్లీ అలా జరగకుండా ఒక చిన్న షెల్ స్క్రిప్టు (టెర్మినల్‌లో కొట్టే కమాండ్లనే వరసగా రాసిన ఫైలు) రాసి బ్యాక్‌గ్రౌండ్‌లో వదలడానికి పది నిమిషాలు. ఆ పది నిమిషాల స్క్రిప్టును సరిచేస్తూ కూర్చోవడానికి మాత్రం రెండు నెలలు. ఇరవై లైన్లు కూడా లేని స్క్రిప్టు అంత సతాయించడానికి కారణం ఒక్కటే. క్లిప్‌బోర్డు అంటే కాపీ చేసిన సరుకు పడేసే పెట్టె అని మనందరి నమ్మకం. లినక్స్‌లో అలాంటి పెట్టె లేదు.

మోటారు గది తాళంచెవి

మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్‌లో నీళ్ల మోటారు గదికి ఒకటే తాళంచెవి. అది వాచ్‌మన్ దగ్గర ఉండదు. ఎవరి దగ్గరుందో మాత్రం ఆయనకు తెలుసు. అడిగితే "302 వాళ్లు తీసుకున్నారు బాబూ" అంటాడు. 302 తలుపు కొడితే ఇస్తారు. సంక్రాంతికి 302 వాళ్లు ఇంటికి తాళం వేసి శ్రీకాకుళం వెళ్లిపోయారనుకోండి. వాచ్‌మన్ ఉన్నాడు, మోటారు గది ఉంది, చెవి మాత్రం లేదు.

లినక్స్‌లో చాలా ఏళ్లుగా తెరను నడుపుతున్న ఎక్స్ విండో సిస్టమ్‌ది సరిగ్గా ఇదే పద్ధతి. అది 1984లో అమెరికాలోని ఎంఐటీలో పుట్టింది. మనం ఎక్స్11 అని పిలిచే వెర్షన్ 1987లో వచ్చింది. మీరు ఒక ఎడిటర్‌లో కంట్రోల్-సీ కొడితే ఆ ఎడిటర్ ఎక్స్ సర్వర్‌కు (తెరను నడిపే ప్రోగ్రామ్‌కు, అంటే మన వాచ్‌మన్‌కు) "క్లిప్‌బోర్డుకు ఇప్పుడు ఓనర్ని నేను" అని ఒక్క ముక్క చెబుతుంది. అంతే. మీ నాలుగు పేరాలు ఎడిటర్ మెమరీలోనే ఉన్నాయి, అంగుళం కదల్లేదు. తర్వాత బ్రౌజర్‌లో కంట్రోల్-వీ కొడితే బ్రౌజర్ వెళ్లి సర్వర్‌ను అడుగుతుంది. సర్వర్ ఆ అడిగింపును ఎడిటర్‌కు చేరవేస్తుంది. అప్పుడు ఎడిటర్ ఆ పేరాలను బ్రౌజర్ విండోకు తగిలించి, "పెట్టాను, తీసుకో" అని కబురు పెడుతుంది. సరుకు చేతులు మారేది పేస్ట్ చేసిన క్షణంలోనే. ఈలోగా వేరే ప్రోగ్రామ్‌లో ఏదైనా కాపీ చేస్తే సర్వర్ పాత ఓనర్‌కు "నీ వంతు అయిపోయింది" అని చెప్పేస్తుంది. ఓనర్ ప్రోగ్రామ్‌నే మూసేస్తే ఇక ఓనరే ఉండడు. మా చెల్లెలి పేరాలకు జరిగింది అదే. 302 వాళ్లు ఊరెళ్లిపోయారు.

ఇంత తిరకాసు ఎందుకు పెట్టారని మొదట్లో నేనూ విసుక్కున్నాను. ఆ కాలం పరిస్థితి చూస్తే సబబే అనిపిస్తుంది. ఎక్స్‌లో ప్రోగ్రామ్ ఒక కంప్యూటర్‌లో నడుస్తూ దాని విండో ఇంకో కంప్యూటర్ తెర మీద కనపడవచ్చు. ఎవరూ పేస్ట్ చేయకపోయినా ప్రతి కాపీనీ నెట్‌వర్క్ మీదుగా మోయడం దండగ. ఇంకో లాభం కూడా ఉంది. ఒకే కాపీని ఓనర్ రకరకాల రూపాల్లో ఇవ్వగలడు. బ్రౌజర్‌లో కాపీ చేసినదాన్ని నోట్‌ప్యాడ్ లాంటిది అడిగితే ఉత్త అక్షరాలు, వర్డ్ ప్రాసెసర్ అడిగితే రంగులు, లింకులతో సహా. ఏ రూపాల్లో ఇవ్వగలవు అని ముందే అడిగే ఏర్పాటు ఉంది, దాన్ని టార్గెట్స్ అంటారు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, పాస్‌వర్డుల దగ్గర పనికొస్తుంది.

విండోస్ దారి వేరు. అక్కడ కాపీ చేసినది సిస్టమ్ చేతికే వెళ్తుంది. తర్వాత ఇస్తానని వాయిదా పెట్టిన ప్రోగ్రామ్ కూడా మూసుకునేముందు అప్పగించి పోవాలి. అందుకే అక్కడ పెరిగినవాళ్లకు లినక్స్‌లో ఈ దెబ్బ తగిలేదాకా సంగతి తెలియదు. లినక్స్‌లోనూ గ్నోమ్, కేడీఈ లాంటి పెద్ద డెస్క్‌టాప్‌లు వాడేవాళ్లకు చాలావరకు తెలియదు, ఎందుకంటే వాటి లోపల ఎవరో ఒకరు చెవికి మారుచెవి చేయించి పెట్టుకుంటున్నారు. నేను ఓపెన్‌బాక్స్ ఒక్కటే పెట్టి ఆ మనిషిని లేకుండా చేశాను. తప్పు నాదే.

ఇంకో మెలిక. ఎక్స్‌లో క్లిప్‌బోర్డు ఒకటి కాదు. మౌస్‌తో మాటలను ఎంచుకుంటే చాలు, కాపీ కొట్టకుండానే అవి ప్రైమరీ అనే సెలెక్షన్‌లోకి చేరతాయి. మౌస్ మధ్య బటన్ నొక్కితే అవి పడతాయి. కంట్రోల్-సీ వాడేది క్లిప్‌బోర్డ్ అనే సెలెక్షన్. సెకండరీ అని మూడోది కూడా ఉంది కానీ దాన్ని పట్టించుకునేవాళ్లు నాకు తగల్లేదు.

ఈ గోలంతా విని మా చిన్నాన్న నవ్వాడు. ఆయన డాబాగార్డెన్స్‌లో ఒక ప్రెస్సులో చాలా ఏళ్లు పేజీలు కట్టినవాడు. "మేం నిజంగానే కత్తెరతో కట్ చేసి జిగురుతో పేస్ట్ చేసేవాళ్లంరా. ముక్క పోతే టేబుల్ కింద వెతుక్కునేవాళ్లం, దొరికేది" అన్నాడు. కంప్యూటర్లకు ఆ మాటలు వచ్చిందీ అక్కడినుంచే. 1970ల మధ్యలో జిరాక్స్ వాళ్ల పార్క్ పరిశోధనాకేంద్రంలో ల్యారీ టెస్లర్, టిమ్ మాట్ కలిసి జిప్సీ అనే ఎడిటర్ తయారుచేశారు. ప్రచురణ సంస్థలో ఎడిటర్లు కత్తెర, జిగురులతో పనిచేసే తీరు చూసి దాన్ని మలిచారు.

అడుగుతూనే ఉండే స్క్రిప్టు

పెట్టె లేనప్పుడు చరిత్ర ఎలా రాస్తాం? ఎవరి దగ్గర చెవి ఉంటే వాళ్లను వెంటనే అడిగి మారుచెవి చేయించుకోవాలి. మొదటి రోజు నేను రాసిన స్క్రిప్టు చేసింది అదే. అంతులేని వైల్ లూప్ ఒకటి, అంటే చేసిందే మళ్లీ మళ్లీ చేసే ఏర్పాటు. లోపల ఎక్స్‌క్లిప్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో "క్లిప్‌బోర్డులో ఏముంది" అని అడగడం. వచ్చిన జవాబు ఇందాకటిదే అయితే వదిలేయడం, కొత్తదైతే ఫైలు చివర చేర్చడం. తర్వాత స్లీప్ కమాండుతో అర సెకను పడుకోవడం. మళ్లీ మొదటికి. ఎక్స్‌క్లిప్‌కు ఏమీ చెప్పకపోతే అది ప్రైమరీని చదువుతుంది. క్లిప్‌బోర్డ్ సెలెక్షన్ కావాలని విడిగా చెప్పాలి. ఇది తెలియక నా మొదటి పద్దుపుస్తకం నిండా మౌస్‌తో గీసిన అరకొర ముక్కలే. ఒక పేరా మీద మౌస్ లాగుతుంటే మధ్యలో స్క్రిప్టు నిద్రలేచి, అప్పటికి ఎంతవరకు లాగితే అంతవరకు రాసేసుకునేది. "విశా", "విశాఖప", "విశాఖపట్నం పోర్టు" అని మూడు పద్దులు.

అది సరిచేశాక పని నడిచింది. నడుస్తోంది కదా అని ఊరుకుంటే సరిపోయేది, కానీ లెక్క వేశాను. అర సెకనుకోసారి అంటే రోజుకు 1,72,800 సార్లు అడగడం. షెల్‌లో స్లీప్ కూడా సాధారణంగా విడి ప్రోగ్రామే కాబట్టి ఒక్కో చుట్టులో కనీసం రెండు ప్రాసెస్‌లు (నడుస్తున్న ప్రోగ్రామ్‌లు) పుట్టి చావాలి. రోజంతా మెషీన్ ఆన్‌లో ఉంటే 3,45,600 పుట్టుకలు. మనిషి కాపీ కొట్టేది రోజుకు వందసార్లో రెండొందల సార్లో. పాత బ్యాటరీకి ఇది మంచిది కాదు. పైగా అడిగిన ప్రతిసారీ ఓనర్ ప్రోగ్రామ్ లేచి జవాబు చెప్పాలి. ఓనర్ హ్యాంగ్ అయి ఉంటే మన స్క్రిప్టు కూడా అక్కడే నిలబడిపోతుంది. ఇంతచేసినా అర సెకనులోపు రెండుసార్లు కాపీ కొడితే మొదటిది జారిపోతుంది. పోనీ వ్యవధి తగ్గిద్దామంటే పుట్టుకలు పెరుగుతాయి.

దీనికి అసలైన విరుగుడు అడగడం మానేసి, కబురు కోసం కూర్చోవడం. ఎక్స్‌కు ఎక్స్‌ఫిక్సెస్ అనే అనుబంధం ఉంది. ఓనర్ మారినప్పుడల్లా నాకు చెప్పు అని దాని ద్వారా సర్వర్‌కు చెప్పి పెట్టుకోవచ్చు. షెల్ నేరుగా ఆ మాట చెప్పలేదు కానీ క్లిప్‌నోటిఫై అనే బుల్లి ప్రోగ్రామ్ చెబుతుంది. అది మారేదాకా కదలకుండా కూర్చుని, మారగానే బయటికొచ్చేస్తుంది. స్లీప్ ఉన్నచోట దాన్ని పెడితే లూప్ ఆకారం మారదు, రోజుకు లక్షన్నర పైచిలుకు చుట్లు వందల్లోకి దిగుతాయి. ఒక్క మార్పుతో ఇంత లాభం రావడం నా అనుభవంలో అరుదు. వాచ్‌మన్‌ను నిమిషానికోసారి సతాయించే బదులు "చెవి చేతులు మారితే ఫోన్ కొట్టు" అని చెప్పి పడుకున్నట్టు.

ఇక రాసుకోవడం. ఇక్కడ షెల్ పాత అలవాట్లు కాళ్లకు అడ్డం పడతాయి. ఒక కమాండు ఇచ్చిన జవాబును వేరియబుల్‌లో పెడితే (ఒక పేరు కింద దాచుకుంటే) బాష్ అనే మామూలు షెల్ చివరి ఖాళీ లైన్లన్నీ కోసేస్తుంది. పద్యం కింద ఖాళీ వదిలి కాపీ చేస్తే ఆ ఖాళీ పోతుంది. సున్నా బైటు ఉంటే దాన్నీ మింగేస్తుంది. అన్ని పద్దులూ ఒకే ఫైల్లో లైనుకొకటి చొప్పున రాస్తే, నాలుగు లైన్ల పేరా నాలుగు పద్దులైపోతుంది. చివరికి నేను వేరియబుల్‌నే వదిలేశాను. ఎక్స్‌క్లిప్ ఇచ్చినదాన్ని ఉన్నదున్నట్టు ఒక తాత్కాలిక ఫైల్లోకి మళ్లించి, ఆ ఫైలుకు షా-256 హ్యాష్ (లోపలి సరుకును బట్టి లెక్కగట్టే వేలిముద్ర లాంటిది) కట్టి, వచ్చిన 64 అక్షరాల గుర్తునే పేరుగా పెట్టి పద్దుల ఫోల్డర్‌లోకి తరలించాను. అదే మాట మళ్లీ కాపీ చేస్తే అదే హ్యాష్, అదే పేరు. కొత్త ఫైలు పుట్టదు, పాతదాని సమయం మాత్రం మారి పైకొస్తుంది. పోల్చి చూసే కోడు అక్కర్లేకుండా పోయింది. బొమ్మ కాపీ చేసినప్పుడు అక్షరాలు అడిగితే ఓనర్ లేవంటాడు, ఖాళీ ఫైలు వస్తుంది. ఖాళీ అయితే పారేయమని ఒక లైను.

తెలుగు దగ్గర ఇంకో సరదా. పద్దులను మెనూలో చూపించడానికి ఒక్కోదానిలో మొదటి కొన్ని అక్షరాలు తీయాలి. దానికి కట్ అనే కమాండు ఉంది. డెబియన్ లాంటి వాటిలో చాలాకాలంగా వస్తున్న కట్‌కు అక్షరాలు కోయమని చెప్పినా బైట్లే కోస్తుంది. ఇంగ్లిష్‌లో అక్షరానికి ఒక బైటు కాబట్టి తేడా తెలియదు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోదానికి 3 బైట్లు. "విశాఖపట్నం" మన చెవికి ఐదు అక్షరాలు, యూనికోడ్ లెక్కలో గుణింతాలు, పొల్లు, సున్నా కలిపి 10 సంకేతాలు, డిస్కు మీద 30 బైట్లు. 20 బైట్ల దగ్గర కోస్తే "విశాఖప" దాకా బాగానే వచ్చి, "ట"లో మూడు బైట్లకు రెండే మిగిలి, దాని బదులు ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్ కనపడుతుంది. బాష్ సొంత కోత సంకేతాలను లెక్కపెడుతుంది కాబట్టి కొంత నయం, అదీ లోకేల్ (సిస్టమ్‌లో భాష, లిపి అమరిక) యూటీఎఫ్-8లో ఉంటేనే. లోకేల్ సెట్ కాకుండా బ్యాక్‌గ్రౌండ్‌లో నడిస్తే అదీ బైట్లకే దిగుతుంది. లోకేల్ సరిగా ఉన్నా ఎనిమిదో సంకేతం దగ్గర కోస్తే "విశాఖపట్" అని పొల్లు దగ్గర ఆగిపోతుంది. దాన్ని చూసి మా చెల్లెలు "ఈ ప్రూఫు నేనైతే పాస్ చేయను" అంది. చివరికి కోయడం మానేసి మొదటి లైను మొత్తం చూపించేశాను. మెనూ వెడల్పు చాలనిచోట అదే ఆపుకుంటుంది.

మెనూలోంచి పాత పద్దును ఎంచుకుంటే దాన్ని తిరిగి క్లిప్‌బోర్డులోకి పంపాలి. ఇందాకటి కథ తిరగబడేది ఇక్కడే. పంపడానికి మళ్లీ ఎక్స్‌క్లిప్‌నే వాడతాం. కానీ పెట్టె లేదు కదా, ఎక్కడికి పంపుతుంది? తనే ఓనర్‌గా మారి, బ్యాక్‌గ్రౌండ్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. ఎవరైనా పేస్ట్ చేస్తే జవాబు చెబుతుంది, వేరేవాళ్లు ఓనర్ అయినప్పుడు చచ్చిపోతుంది. పని అయ్యాక కూడా ఎక్స్‌క్లిప్ ప్రాసెస్‌లో ఎందుకు కనిపిస్తోందని నేను ఒకసారి కంగారుపడి చంపేశాను. చంపగానే పేస్ట్ ఖాళీ. అప్పటికి నా వ్యాఖ్యానం నాకే పూర్తిగా ఎక్కలేదన్నమాట.

ఎవరూ చూడనప్పుడు నడవడం

స్క్రిప్టు పేరు చివర యాంపర్‌శాండ్ పెడితే బ్యాక్‌గ్రౌండ్‌లోకి వెళ్తుంది. కానీ టెర్మినల్ మూసేస్తే దానితోపాటే పోయే ప్రమాదం ఉంది. వేళకు పనులు నడిపే క్రాన్‌లో పెడదామని కొందరు చూస్తారు. క్రాన్‌కు తెర సంగతే తెలియదు. ఏ ఎక్స్ సర్వర్‌ను అడగాలో చెప్పే డిస్‌ప్లే అనే వేరియబుల్ దానికి ఉండదు కాబట్టి ఎక్స్‌క్లిప్ తెర తెరుచుకోవట్లేదని మొత్తుకుని ఆగిపోతుంది. ఓపెన్‌బాక్స్‌కు ఆటోస్టార్ట్ ఫైలు ఉంది, అందులో ఒక్క లైను చాలు. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ కింద యూజర్ సర్వీసుగా పెడితే పడిపోయినప్పుడు అదే లేపుతుంది, కానీ అక్కడ కూడా డిస్‌ప్లే వేరియబుల్ దానికి అందేలా చూసుకోవాలి. పొరపాటున రెండు కాపీలు నడవకుండా ఎఫ్‌లాక్‌తో ఒక తాళం ఫైలు పెట్టుకోవడం మంచిది. ఇంతకుమించి ఈ భాగంలో ఏమీ లేదు.

మారుచెవులు చేసేవాడి జేబు

ఇప్పుడు అసలు సంగతి. మోటారు గది చెవికి మారుచెవి చేయించుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ మన స్క్రిప్టుకు ఏ చెవి ఏమిటో తెలియదు. అపార్ట్‌మెంట్‌లో చేతులు మారిన ప్రతి చెవికీ మారుచెవి చేసి జేబులో వేసుకుంటుంది. బీరువాది కూడా.

ఇది నాకు ఎలా తెలిసిందో చెబితే పరువు పోతుంది, అయినా చెబుతాను. ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పిల్లలకు లినక్స్ గురించి రెండు గంటలు మాట్లాడమంటే వెళ్లాను. ప్రొజెక్టర్ పెట్టారు. మాటల్లో ఈ స్క్రిప్టు గొప్ప వచ్చింది. చూపిస్తానంటూ మెనూ తెరిచాను. నాలుగో వరుసలో, పొద్దున బ్యాంకు సైటులోకి వెళ్లడానికి కాపీ చేసిన నా పాస్‌వర్డు. అడుగు ఎత్తున్న అక్షరాల్లో. ముందు బెంచీలో ఒక కుర్రాడు మర్యాదగా కిటికీలోంచి బయటికి చూశాడు. మిగతావాళ్లు చూడలేదు, అంటే తెరవైపు చూస్తూనే ఉన్నారు. మధ్యలో పది నిమిషాలు బ్రేక్ ఇచ్చి పాస్‌వర్డు మార్చుకున్నాను.

నేను వాడే కీపాస్ఎక్స్‌సీ అనే పాస్‌వర్డు మేనేజర్, కాపీ చేసిన పాస్‌వర్డును మామూలుగా 10 సెకన్లలో క్లిప్‌బోర్డు నుంచి తీసేస్తుంది. ఆ భరోసాతోనే ఉన్నాను. పది సెకన్లలో అది తుడిచేలోపు నా స్క్రిప్టు ఎప్పుడో రాసేసుకుంది. తాత్కాలికంగా ఉండాల్సినదాన్ని శాశ్వతం చేయడమే కదా దాని పని.

దీనికి ఒక మర్యాద ఏర్పాటు ఉంది. పాస్‌వర్డు కాపీ అయినప్పుడు కీపాస్ఎక్స్‌సీ తన టార్గెట్స్ జాబితాలో అదనంగా ఒక గుర్తు చేరుస్తుంది. కేడీఈ వాళ్లు మొదలుపెట్టిన ఆ గుర్తు పేరు పాస్‌వర్డ్-మేనేజర్-హింట్, దాని విలువ సీక్రెట్. కేడీఈ సొంత క్లిప్‌బోర్డు మేనేజర్ క్లిప్పర్ దాన్ని గౌరవిస్తుంది. మన స్క్రిప్టుకూ నేర్పొచ్చు. సరుకు అడగడానికి ముందే టార్గెట్స్ జాబితా అడిగి, అందులో ఆ గుర్తు ఉంటే ఏమీ రాయకుండా మళ్లీ పడుకోవాలి. రెండు లైన్ల పని. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. కానీ ఇది అవతలివాడు చెబితేనే పనిచేసే ఏర్పాటు. ఓటీపీని ఫోన్ నుంచి మెసేజ్‌గా పంపుకుని బ్రౌజర్‌లో కాపీ చేస్తే దానిమీద గుర్తేమీ ఉండదు. ఆధార్ నంబరు మీదా ఉండదు. అంకెలు మాత్రమే ఉన్న చిన్న ముక్కలను వదిలేయమని నియమం పెట్టొచ్చు, అప్పుడు పత్రికలో వేయాల్సిన ఫోన్ నంబర్లు కూడా పోతాయి. నేను పెట్టలేదు.

మిగిలింది పద్దుల ఫోల్డర్ ఎక్కడ ఉండాలన్నది. స్క్రిప్టు మొదట్లోనే యూమాస్క్ 077 పెడితే పుట్టే ఫైళ్లను ఆ యూజర్ తప్ప వేరేవాళ్లు చదవలేరు. ఇది పెట్టకపోవడం నా దృష్టిలో నిర్లక్ష్యమే. ఫోల్డర్‌ను హోమ్‌లో పెడితే బ్యాకప్‌లలోకి, క్లౌడ్‌లోకి పాకుతుంది. మీరు ఇక్కడ తుడిచినా అక్కడ ఉంటుంది. సిస్టమ్‌డీ ఉన్న లినక్స్‌లలో ప్రతి యూజర్‌కూ రన్‌టైమ్ డైరెక్టరీ అని ఒకటి ఇస్తారు. అది మెమరీలో ఉంటుంది, చివరి లాగౌట్‌తో ఖాళీ అవుతుంది. నేను అక్కడికి మార్చాను. పైన వంద పద్దులు మించితే పాతవి పోయేలా ఒక లైను.

ఇంకో మాట. ఎక్స్‌లో ఇలాంటి స్క్రిప్టుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ తెరకు తగులుకున్న ఏ ప్రోగ్రామైనా క్లిప్‌బోర్డు చదవగలదు, మీరు కొట్టే కీలు కూడా చూడగలదు. నేను నా సౌకర్యానికి రాసిన ఇరవై లైన్లకూ, ఎవరో దొంగతనానికి రాసిన ఇరవై లైన్లకూ సిస్టమ్ దృష్టిలో తేడా లేదు. అందుకే నలుగురు వాడే మెషీన్‌లో, అది హాస్టల్ గదిలోదైనా నెట్ సెంటర్‌లోదైనా, చెప్పకుండా ఇది నడపడాన్ని నేను చరిత్ర అనను, నిఘా అంటాను.

వాచ్‌మన్ మారాడు

ఇప్పటిదాకా చెప్పినదంతా ఎక్స్ గురించి. క్రిస్టియన్ హోగ్స్‌బెర్గ్ 2008లో మొదలుపెట్టిన వేలాండ్ ఇప్పుడు దాని స్థానంలోకి వస్తోంది. ఉబుంటులో 21.04 నుంచి చాలా మెషీన్ల మీద అదే డిఫాల్ట్. మీది ఏదో తెలియకపోతే టెర్మినల్‌లో ఎక్స్‌డీజీ-సెషన్-టైప్ (XDG_SESSION_TYPE) అనే వేరియబుల్‌ను ఎకో చేయండి, జవాబు చెబుతుంది.

వేలాండ్‌లోనూ పెట్టె లేదు. కాపీ చేసిన ప్రోగ్రామ్ దగ్గరే సరుకు ఉంటుంది, పేస్ట్ చేసినప్పుడు పైపు ద్వారా పారుతుంది. కానీ వాచ్‌మన్ కఠినమైనవాడు. చెవి ఎవరి దగ్గరుందో ప్రస్తుతం తన ఎదురుగా నిలబడ్డ మనిషికే చెబుతాడు. అంటే మీరు ఇప్పుడు పనిచేస్తున్న విండోకు మాత్రమే. బ్యాక్‌గ్రౌండ్‌లో కూర్చున్న స్క్రిప్టుకు విండోనే లేదు, కాబట్టి దానికి ఏమీ చెప్పడు. రక్షణ పరంగా ఇది సరైన పనే. మన స్క్రిప్టుకు మాత్రం గోడ.

ఆ గోడకు ఒక కిటికీ పెట్టారు. డేటా-కంట్రోల్ అనే ప్రోటోకాల్ ఉన్నచోట, క్లిప్‌బోర్డు మేనేజర్ల కోసమే విండో లేకుండా చూసే వీలు ఇస్తారు. డబ్ల్యూఎల్‌రూట్స్ అనే లైబ్రరీ మీద కట్టిన స్వే లాంటి వాటిలోనూ, కేడీఈలోనూ అది ఉంది. అక్కడ ఎక్స్‌క్లిప్ లాంటి డబ్ల్యూఎల్-పేస్ట్ అనే కమాండుకు వాచ్ అని చెబితే, కొత్త కాపీ జరిగిన ప్రతిసారీ మీరిచ్చిన స్క్రిప్టును అదే పిలుస్తుంది. లూప్ కూడా రాయక్కర్లేదు. గ్నోమ్ చాలాకాలం ఆ కిటికీ తెరవడానికి ఒప్పుకోలేదు. అది లేనిచోట డబ్ల్యూఎల్-పేస్ట్ ఒక దొడ్డిదారి పడుతుంది. కంటికి ఆనని చిన్న విండో ఒకటి తెరిచి, క్షణం పాటు ఫోకస్ తనమీదికి లాక్కుని, చదివి మూసేస్తుంది. ఒకసారికి పర్వాలేదు. నా పాత అర సెకను లూప్‌లో పెట్టి చూశాను. టైప్ చేస్తుంటే సెకనుకు రెండుసార్లు కర్సర్ చేజారిపోయింది. "విశాఖ" అని కొట్టడానికి నాలుగు ప్రయత్నాలు పట్టాయి. గ్నోమ్ వాడేవాళ్లు డెస్క్‌టాప్ లోపలే నడిచే ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవడం తెలివైన పని.

ఆ మాటకొస్తే చాలామందికి స్క్రిప్టే అక్కర్లేదు. కాపీక్యూ ఉంది, పార్సిలైట్ ఉంది, కేడీఈలో క్లిప్పర్ సరేసరి. షెల్‌తో ఇంత పని చేయడం పిచ్చి అనుకోకండి, క్లిప్‌మెనూ అనే పేరున్న మేనేజర్ చాలా ఏళ్లు బాష్ స్క్రిప్టుగానే బతికింది. నేను రాసింది నా సరదాకి, మా చెల్లెలి మెషీన్ మీద భారం పెట్టకూడదన్న పంతానికి.

ఆ మెషీన్ సంగతి చెప్పి ఆపుతాను. అన్నీ సరిచేసి, రన్‌టైమ్ డైరెక్టరీలో వంద పద్దులతో, పాస్‌వర్డు గుర్తు చూసుకునేలా పెట్టి ఇచ్చాను. మర్నాడు పొద్దున్నే మళ్లీ ఫోన్. "అన్నయ్యా, నిన్నటివేవీ లేవేటి?" లాగౌట్ అయితే పోతాయమ్మా, నీ మంచికే అన్నాను. "నా మంచికి నాలుగు పేరాలు పోయినప్పుడు కూడా ఇలాగే అన్నావు."

దానికి జవాబుగా ఇంకో స్క్రిప్టు రాశాను, మూడు లైన్లు. ఇది బ్యాక్‌గ్రౌండ్‌లో నడవదు. ఆమె ఒక కీ నొక్కినప్పుడు మాత్రమే లేచి, ఆ క్షణంలో క్లిప్‌బోర్డులో ఉన్నదాన్ని తేదీతో సహా హోమ్‌లోని ఒక ఫైల్లో చేర్చి నిద్రపోతుంది. దాచుకోవాలనుకున్నది ఆమే దాచుకుంటుంది. మొన్న వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ ఫైలు తెరిచి చూపించింది. పెళ్లి పత్రికల శ్లోకాలు, రెండు ప్రెస్సుల ధరల పట్టికలు, కాగితం సైజులు, ఒక చోట వాళ్లమ్మ చెప్పిన మాగాయ కొలతలు. మొదటి స్క్రిప్టు మెనూ ఎప్పుడు తెరిచావని అడిగితే కాసేపు ఆలోచించింది. "కట్ చేసి మూసేసినప్పుడు" అంది.